వరాలు దాచిన కాళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, వీధి పొడుగునా రంగు రంగుల పడుగులు పరిచే నేతగాళ్ళ ఊళ్ళో, చౌడయ్య అనే తాత ఉండేవాడు. ఆయనకి మోకాళ్ళ వాతం. దానికి తోడు ఆయాసం. రెండూ పోయేవి కావు, సర్దుకుని బతకాల్సినవే అని వైద్యుడు చెప్పాడు.

"అలాగని మంచం పట్టకు చౌడయ్యా. రోజూ కొంచెం నడువు. ఆయాసం వస్తే ఆగు, తగ్గాక మళ్ళీ అడుగెయ్యి" అన్నాడు.

తాత ఆ మాట తప్పలేదు. పడుగంటే తెలుసుగా, చీర నేసే ముందు పొడుగ్గా పరిచే దారాలు. తెల్లవారగానే దాన్ని వీధిలో సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. తాత కర్ర పట్టుకుని దాని పక్కనే నడిచేవాడు. తెగిన పోగు కనిపిస్తే ఆగి ముడి వేసేవాడు. ముడి పడేలోపు ఆయాసం తీరేది. అప్పుడు మళ్ళీ నాలుగడుగులు. ఆ చివరికి చేరేసరికి ఎండ అరుగెక్కేది. అయినా చేరేవాడు.

ఆయనకి వరాలు అని ఒక మనవరాలు. తాతంటే ప్రాణం. ఆ ఏడు వరాలుకి పెళ్ళి కుదిరింది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పెళ్ళికూతురి చీర పడుగు వెంట ఇంటి పెద్ద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, తెగిన పోగులన్నీ తన చేత్తోనే అతకాలి. తాత కోరికంతా అదే.

పెళ్ళికి ఇంకా నాలుగు నెలల గడువుంది. అప్పటికి తాత కాళ్ళు అరిగిపోతాయేమోనని వరాలుకి భయం పట్టుకుంది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది.

"తాతా, నీ కాళ్ళు నా పడుగుకి దాచిపెట్టు. అందాకా ఊళ్ళోవాళ్ళ పడుగుల వెంట నడవకు."

"నా కాళ్ళేమన్నా ఆవకాయటే, జాడీలో పెట్టి గుడ్డ కట్టడానికి?" అని తాత నవ్వాడు. వరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు తాత కర్ర మూలన పెట్టేశాడు.

ఆ తర్వాత వరాలు ఆయన్ని నూతి దగ్గరికి వెళ్ళనివ్వలేదు. నీళ్ళు తనే తోడి తెచ్చింది. ఆ తర్వాత పక్కింటి సాంబయ్య దగ్గరికి కబుర్లకీ వెళ్ళనివ్వలేదు. సాంబయ్యనే ఇంటికి పిలిపించింది.

"ఏరా చౌడా, కొత్తల్లుడివా? కూర్చున్న చోటికే అన్నీ వస్తున్నాయి!" అని సాంబయ్య వెక్కిరించాడు. వరాలు ఆయన మీద కోప్పడింది. వైద్యుడు చెప్పింది వరాలుకి గుర్తుంది. గుర్తుండి కూడా, తనకే ఎక్కువ తెలుసనుకుంది.

మొదటి నెల నొప్పి కాస్త తగ్గింది. వరాలు మురిసిపోయింది. రెండో నెల తాత లేవడానికి గుంజ పట్టుకున్నాడు. మూడో నెల గుంజ చాలలేదు, మనిషి కావలసి వచ్చింది. "ఆ రోజుకి లేస్తావులే తాతా" అంది వరాలు.

ఆ రోజు రానే వచ్చింది. వీధిలో ఎర్రటి పడుగు పరిచారు. తాత కొత్త పంచె కట్టుకుని కర్ర అందుకున్నాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగుకి మోకాళ్ళు వంగిపోయాయి, ఊపిరి అందలేదు. సాంబయ్య పట్టుకోకపోతే పడుగు మీదే పడేవాడు.

తాత కోప్పడలేదు. "జాడీ తెరిచావు కదే వరాలూ, నా కాళ్ళేవే?" అన్నాడు.

అప్పుడు ఆయన్ని పీట మీద కూర్చోబెట్టారు. చెయ్యి అందినంత మేర వెతికి, ఒక్కటంటే ఒక్క పోగుకి ముడి వేశాడు. మిగతా పడుగంతా సాంబయ్య నడిచాడు. సాంబయ్య తాత కంటే రెండేళ్ళు పెద్ద. ఆయనవీ నొప్పుల కాళ్ళే, కాకపోతే నడక మానని కాళ్ళు.

ఆ తర్వాత వరాలు రోజూ రెండు పూటలా తాతని చెయ్యి పట్టి నిలబెట్టింది. తాత గడప దాకా రాగలిగాడు. ఉన్నన్నాళ్ళూ వీధిలోకి మాత్రం రాలేకపోయాడు.

ఏమిటే అలా చూస్తున్నావు?

"అమ్మమ్మా, నీ పేరూ వరాలమ్మే కదా?"

అవునమ్మా. ఆ చీర నా పెట్టెలోనే ఉంది. కొంగు దగ్గర తడిమితే తాత వేసిన ముడి వేలికి తగులుతుంది. ప్రేమతోనే చేశాను. ప్రేమతో చేసినా తప్పు తప్పే.

ఇప్పుడు నాకూ అదే మోకాళ్ళ వాతం. రేపు పొద్దున్న నేను నొప్పంటూ మంచం దిగకపోతే, జాలిపడి చెంబుతో నీళ్ళు తేకు. నా కర్ర తెచ్చి చేతిలో పెట్టు. పాలకేంద్రం దాకా నడుద్దాం. దారిలో రెండు చోట్ల కూర్చుంటాను. అప్పుడు మాత్రం తొందరపెట్టకు.

ఆగి ఆగి అడుగు, అతికి అతికి పడుగు,
కథ కుంటుకుంటూ కంచికి, మనం నడుచుకుంటూ ఇంటికి.