హైమ పిజ్జా, చిన్న చంటి తీర్పు

ఇవాళ చిన్న కథే బంగారం. దుప్పటి కప్పుకునేలోగా అయిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, పేరు చెప్తే వాళ్ళు రేపు పొద్దున్నే పోట్లాటకొస్తారు గనక ఊరనే అందాం, వర్ధనమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ వండితే కూర బాగుంటుంది. మాట్లాడితే కూరే బాగుందనిపిస్తుంది. ఆవిడ కొడుకు ప్రకాశం, కోడలు హైమ. వాళ్ళకి పది నెలల కవలలు. ముందు పుట్టినవాడు పెద్ద చంటి. నాలుగు నిమిషాల తర్వాత పుట్టిన ఆడపిల్ల చిన్న చంటి.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త వంట ఏది చేసినా మొదటి ముద్ద ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళకి పెట్టాలి. మింగితే ఆ వంట ఉంటుంది. ఉమ్మేస్తే మళ్ళీ ఆ ఇంటి పొయ్యి ఎక్కదు.

ప్రకాశం చంటివాడుగా ఉన్నప్పుడు కాలీఫ్లవర్ ఉమ్మేశాడు. అంతే, ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో కాలీఫ్లవర్ లేదు. ఇప్పుడు అతను బస్టాండు దగ్గర బండి పక్కన నిలబడి గోబీ మంచూరియా తింటాడు. నేను చూశాను. నువ్వు ఎవరికీ చెప్పకు. నేనూ నలుగురికే చెప్పాను.

చూశావా, కథ ఎటో వెళ్ళిపోయింది.

హైమ కాపురానికొచ్చి మూడేళ్ళయింది. ఉప్పెంత, పోపెంత, అన్నీ అత్తగారే చెప్పేది. కలిపింది హైమ అయినా, అందరూ "వర్ధనమ్మగారి పులుసు" అనే అనేవాళ్ళు. ఆ వంటింట్లో తనదంటూ ఒక్క వంట ఉండాలని హైమ పట్టు పట్టింది. అది అత్తగారికి రానిదై ఉండాలి. చంటివాళ్ళతో సహా ఇంటిల్లిపాదీ తినేదై ఉండాలి. ఆలోచించి ఆలోచించి, పిజ్జా చేస్తానంది.

"అట్టు మీద కూరేసుకు తింటే సరిపోదూ?" అంది వర్ధనమ్మ.

"సరిపోదత్తయ్యా," అంది హైమ.

అప్పుడు మొదటి ఆదివారం వచ్చింది. హైమ మైదాలో ఈస్టు కలిపి, పిండి పొంగడానికి గిన్నె మీద మూత పెట్టి, పిల్లలకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది. వర్ధనమ్మ మూత తీసి చూసింది. పిండి రెండింతలైంది, పులిసిన వాసన వేస్తోంది. పాడైపోయిందనుకుని గేదెకి పెట్టేసింది. ఆ పూట గేదె పాలు ఎక్కువిచ్చిందంటుంది. ఆవిడ ఏమైనా అంటుంది.

ఆ తర్వాత రెండో ఆదివారం. హైమ గిన్నె పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చుంది. వాళ్ళకి ఓవెన్ లేదు. పెద్ద దబరాలో ఇసుక పోసి, వేడెక్కాక పిజ్జా పళ్ళెం లోపల పెట్టి, మూత పెట్టింది. కానీ రొట్టెకి ఫోర్కుతో గాట్లు పెట్టడం మర్చిపోయింది. అది పూరీలా ఉబ్బింది. మీద వేసిన ఉల్లిపాయలు, టమాటాలు, చీజ్ అన్నీ జారి ఇసుకలో పడ్డాయి. ప్రకాశం వాటిని ఏరుకు తిని, "బానే ఉంది" అన్నాడు. పళ్ళ కింద కరకర వీధిలోకి వినిపించింది.

"ఇంకొక్కసారే," అంది వర్ధనమ్మ. "ఆ తర్వాత నా దబరా నాకిచ్చెయ్యి. పిజ్జా మాట ఎత్తకు."

"ఒక్కసారి చాలత్తయ్యా," అంది హైమ. ఆ వారమంతా ఆ పిల్ల నవ్వలేదు.

అప్పుడు మూడో ఆదివారం. మా పెరట్లో రెండు కరివేపాకు చెట్లున్నాయి. అయినా ఆ పూట నేను కరివేపాకు కోసం వాళ్ళింటికే వెళ్ళాను.

హైమ పిండికి కాపలా కాసింది. రొట్టెకి గాట్లు పెట్టింది. పెద్దవాళ్ళకి రెండు పెద్ద పిజ్జాలు కాల్చింది. చంటివాళ్ళకి అరచేయంత మెత్తటిది వేరే చేసింది. దాంట్లో ఉప్పూ కారమూ లేవు. మీద ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, ఇంట్లో విరిచిన పాలముద్ద, అంతే.

చల్లారాక, గోరంత తుంచి చిన్న చంటి నోట్లో పెట్టింది. చిన్న చంటి కాసేపు గోడ వంక చూసింది. ముక్కని నాలుకతో బయటికి తోసింది.

"అదిగో!" అంది వర్ధనమ్మ.

పెదవి దాకా వచ్చిన ముక్కని చిన్న చంటి మళ్ళీ లోపలికి లాక్కుంది. మింగింది. ఇంకా పెట్టమని నోరు తెరిచింది. ఆగలేక పెద్ద చంటి పళ్ళెం మీదికే పాకాడు.

ఆ తర్వాత అందరూ తిన్నారు. ప్రకాశం నాలుగు ముక్కలు తిన్నాడు. వర్ధనమ్మ "పచ్చిమిర్చి పడాలి" అంటూనే మూడు తింది. నాకూ రెండు పెట్టారు, కాదనలేకపోయాను.

"ప్రతి ఆదివారం చెయ్యవే," అంది వర్ధనమ్మ చెయ్యి కడుక్కుంటూ. "ఎవరడిగినా హైమ పిజ్జా అనే చెప్తాను."

హైమ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు మిగిలిన ఒక్క ముక్క చేతిలోకి తీసుకుంది. అదివరకు పిజ్జా ఫోనులో చూడటమే గాని తను ఎప్పుడూ తినలేదు. కొరికింది. నమిలింది. పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసింది.

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఉమ్మితే లెక్కలోకి రాదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం హైమ ఇంటిల్లిపాదికీ పిజ్జా చేసిపెట్టి, తను పెరుగన్నం తింటుంది.

కథేమో కంచి బస్సెక్కింది,
మాటేమో మనింటికొచ్చింది,
హైమ ఇంట పొయ్యి ఆరింది,
నీ కంట కునుకు వాలింది.