ఐదో కుర్చీ

ఒక ఇంట్లో మనుషులు నలుగురు, కుర్చీలు ఐదు. ఐదోది ప్రభువుది. భోజనాల బల్ల దగ్గర ఆయన కోసమని అట్టేపెట్టారు. దాని మీద ఎవరూ కూర్చోరు, ఆరిన బట్టలు కూడా వేయరు. చుట్టాలొచ్చి కుర్చీలు చాలకపోతే ఇంటాయన నించునే తినేవాడు గానీ దాని జోలికి పోయేవాడు కాదు.

ఆ ఇంటి తల్లికి పిల్లలంటే ప్రాణం. పదిహేనేళ్ల కూతురు, పదమూడేళ్ల కొడుకు. సాయంత్రం ప్రార్థనలో వాళ్లచేత న్యాయం గురించి వారానికో వచనం కంఠతా పట్టించేది. తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్లకి సున్నుండ. కొడుకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి రెండు పుచ్చుకునేవాడు. కూతురు మాత్రం మధ్యలో ఆగిపోయేది. మర్చిపోయి కాదు, ఆలోచనలో పడి. పాపం, దానికి సున్నుండలు తక్కువే దక్కేవి.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఊరి సభకి ఎవరి కుర్చీ వాళ్లే మోసుకుపోవాలి. కుర్చీ ఉన్నవాళ్లు మాట్లాడొచ్చు, లేనివాళ్లు చుట్టూ నిలబడి వినొచ్చు. ఎవరినీ పొమ్మనరండోయ్, అంత మర్యాదస్తులు. రాళ్లు కొట్టుకునేవాళ్ల వీధిలో చాపలే గానీ కుర్చీలు లేవు. అందుకని ఆ వీధి మాట సభలో ఎప్పుడూ వినపడలేదు.

ఆ వీధి మొదట్లో ఉన్న బావికి పెద్దలు ఇనప మూత పెట్టించి తాళం వేశారు. నీళ్లు పాడవుతున్నాయట. రెండేళ్లుగా ఆ వీధి ఆడవాళ్లు ఏటి దాకా నడిచి, ఇసకలో చెలమలు తవ్వి తోడుకుంటున్నారు. ఈ వేసవిలో చెలమలూ ఎండాయి. తాళం తీయాలా వద్దా అన్నది రేపటి సభలో తేలాలి. అక్కడ తేలకపోతే మళ్లీ ఏడాదికే.

కూతురు తల్లి దగ్గరికొచ్చి, ఐదో కుర్చీ రేపు ఒక్క పూట ఆ వీధిలో ఉండే ఓ ముసలమ్మకి ఇద్దామంది. తల్లి, వాళ్ల తరఫున నాన్నగారు మాట్లాడతారులే అని సర్దిచెప్పబోయింది.

"పోయినేడూ నాన్నే మాట్లాడారమ్మా. చాలా బాగా మాట్లాడారు. తాళం అలాగే ఉంది."

పక్కగదిలో ఇంటాయన దగ్గాడు. కాదని మాత్రం అనలేదు.

మరి ప్రభువు ఎక్కడ కూర్చుంటాడని కొడుకు అడిగాడు. వాడి బెంగ వాడిది. ఒక్క పూటే కదా, ఏమీ అనుకోడులే అంది అక్క. తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. పొద్దున్న చూసేసరికి ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కుర్చీని గుమ్మం దాటించేస్తున్నారు. గోడకి తగలనివ్వకండర్రా అని మాత్రం అనగలిగింది.

సభలో ముసలమ్మ కుర్చీ పక్కనే నిలబడింది, కూర్చోవడానికి జంకి. సభ పెద్ద కళ్లద్దాలు సవరించుకుని, కుర్చీ ఎవరిదని అడిగాడు. అడిగి తెచ్చుకున్న కుర్చీ మీద మాట చెల్లదన్నాడు.

"ఏం మామ్మా, పెళ్లివారికిచ్చే అద్దె సామానా?" అన్నారెవరో. నలుగురూ నవ్వారు.

తల్లి ఆలోచనలో పడింది. మాదే అంటే ముసలమ్మ మళ్లీ గుంపులోకి పోవాలి. ప్రభువుదంటే ఈ నవ్వు ఊరంతా పాకుతుంది. ఆవిడదంటే ఇక ఆ కుర్చీ ఇంటికి రాదు. పిల్లలిద్దరూ తనవైపే చూస్తున్నారు. ఇన్నేళ్లూ వాళ్లు అప్పజెప్తుంటే తను వింది. ఇవాళ అప్పజెప్పే వంతు తనదైంది.

"ఆవిడదేనండి," అంది.

"అమ్మా, అది ప్రభువుది కదా," అని కొడుకు గొణిగాడు.

"ఊరుకోరా నాన్నా."

అబద్ధమాడానేమోనని లోపల పీకుతూనే ఉంది.

ముసలమ్మ కూర్చుంది. అలవాటు లేక మొదట అంచునే కూర్చుంది. తర్వాత మెల్లిగా వెనక్కి ఆనుకుంది. ఏవేవో చెప్పాలని దారంతా కూడబలుక్కుంటూ వచ్చింది గానీ, తీరా నోరు తెరిచేసరికి ఒక్క మాటే మిగిలింది.

"దప్పికగా ఉందయ్యా."

సభ పెద్ద కళ్లద్దాలు తీసి, బొడ్లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

తల్లి అది చూడలేదు. ఆమె కళ్లు కుర్చీ మీదే ఉన్నాయి. ఏటా గుడ్ ఫ్రైడే నాడు గుళ్లో వినే మాట అది, సిలువ మీద ప్రభువు అన్న మాట. ఎవరి నోట వింటుందో ఆమెకి తెలుసు. పక్కనున్న కొడుకు చెయ్యి తడిమి గట్టిగా పట్టుకుంది.

"నువ్వన్నదే నిజంరా," అంది.