పసుపు ముంతలో గింజలు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను కొంత తారుమారు చేయవచ్చు. ప్రశ్న అడిగింది మాత్రం మద్దిలేటి రాకముందే. అంతవరకు నాకు గట్టిగా గుర్తుంది.

నాగలింగం అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమి అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఉండనీ, అదే వచ్చి చెబుతుంది" అనేవారు. గుత్తికి అవతల, రైలుకట్ట పక్కన కొత్తగా వెలసిన కాలనీలో ఆయన మఠం. మఠమంటే రెండు గదులు, ముందు ఒక రేకుల వసారా. సాయంత్రాలు కొంతమందిమి అక్కడ చేరేవాళ్ళం. నేను టౌను నుంచి నడిచి పోయేదాన్ని.

ఒకనాడు సోమశేఖరం పేపరు చేత పట్టుకుని వచ్చాడు. అతను అయ్యవారి శిష్యుడు, ఆ కాలనీకి ప్రెసిడెంటు కూడా. పేపర్లో ఒక ఫొటో ఉంది. నూనె బావులున్న ఎడారి దేశపు రాజు, ఓట్లతో గెలిచిన ఒక పెద్ద దేశపు నాయకుడు చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. తనను ప్రశ్నించినవాళ్ళను ఆ రాజు చెరలో వేయిస్తాడని, వాళ్ళలో కొందరు మళ్ళీ కనిపించరని అదే పేపరు లోపలి పేజీలో రాశారు.

"అయ్యవారూ, వాడంటే రాజు. వాని బుద్ధి అంతే అనుకుందాం. వీళ్ళకేమొచ్చింది? మనిషికి హక్కులుంటాయని లోకమంతా తిరిగి చెప్పేది వీళ్ళే గదా! తెలియక చేస్తాండారా, సిగ్గు లేక చేస్తాండారా?"

అయ్యవారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. పేపరు మడిచి తిరిగి ఇచ్చేశారు. "ఉండనీ" అన్నారు.

ఆ కాలనీ పద్ధతి కొంచెం చెప్పాలి. అక్కడ పెద్దమనుషుల తీర్పులు లేవు. ఏ సంగతైనా ఇంటికొక చింతగింజ. రెండు ముంతలు పెట్టి, మూతికి గుడ్డ కట్టి, చేయి పట్టేంత సందు వదిలేవారు. పసుపు పూసిన ముంత సరే అనడానికి, పూయనిది వద్దనడానికి. ప్రెసిడెంటు ప్రశ్నను అందరికీ వినబడేలా చదివేవాడు. ఒక్కో ఇంటివారు వచ్చి రెండు ముంతల్లోనూ చేయి పెట్టి, ఏదో ఒకదానిలో గింజ వదిలి పోయేవారు. ఎవరి గింజ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగకూడదు. మురుక్కాలవ ఎటు తవ్వాలన్నా, వీధిదీపం ఎక్కడ పెట్టాలన్నా అంతే. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి చూసిపోయేవారు. సోమశేఖరానికి ఆ ముంతలంటే ప్రాణం.

కాలనీకి లేనిదల్లా నీళ్ళు. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. తీపినీళ్ళు చెన్నప్ప అనే రైతు చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, ఒక్కచోటే పడ్డాయి. అతని ట్యాంకరు రోజూ పొద్దున వచ్చేది. చెన్నప్పను ఎవరూ ఎన్నుకోలేదు. భూమి కింద ఉన్నదే అతన్ని పెద్దవాణ్ణి చేసింది. తోటలో పనివాళ్ళను పెట్టే బాధల గురించి మాటలు వినబడుతూనే ఉండేవి. నీళ్ళు పట్టుకునే వేళ మాత్రం ఎవరూ ఆ మాటలు ఎత్తేవారు కాదు.

ఆ తోట నుంచే వచ్చాడు మద్దిలేటి. తోటి పనివాణ్ణి కాళ్ళు విరిగేలా కొట్టారని సంతలో నలుగురి ముందూ చెప్పినందుకు అతన్ని ఎద్దుల కొట్టంలో కట్టేశారట. తాడు తెంపుకుని పారిపోయి వచ్చాడు. మణికట్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. పోలీసుల దగ్గరికి తీసుకుపోతే, "యజమానికీ పనివానికీ తగువు, మీలో మీరే చూసుకోండి" అన్నారు.

"ఈడ అందరి మాటా అడుగుతారంట గదా సామీ. అందుకే వచ్చినా" అన్నాడు మద్దిలేటి.

ఆ సాయంత్రమే ముంతలు పెట్టారు. "మద్దిలేటిని మనం కాపాడుకుందామా?" అని సోమశేఖరం చదివాడు. గింజలన్నీ పసుపు ముంతలోనే పడ్డాయి. ఈశ్వరమ్మ అనే ఆమె అతన్ని తన ఇంటికి తీసుకుపోయి, మణికట్లకు కొబ్బరినూనె రాసి, అన్నం పెట్టింది. సోమశేఖరం అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు ట్యాంకరు రాలేదు. చెన్నప్పే వచ్చాడు, చీనీకాయల బుట్టతో. ముఖంలో కోపమన్నది లేదు.

"మోటారు కాలిపోయింది సార్. ఎప్పటికి బాగవుతుందో ఏమో. ఎండ చూస్తే ఇట్లుంది. మావాడెవడో అలిగి మీ దగ్గరికి వచ్చినాడంట, ఉండనీండి. మీ కాలనీ, మీ ఇష్టం." కాయలు పిల్లలకు పంచిపెట్టి పోయాడు.

కొద్దిరోజులకే కుండలు అడుగంటాయి. ఉప్పునీళ్ళతో వండిన అన్నం పిల్లలు ఉమ్మేశారు. ముసలివాళ్ళకు కడుపునొప్పులు వచ్చాయి. అయినా మద్దిలేటిని పంపేద్దామని ఒక్కరు కూడా అనలేదు. ఆ మాట అనే పని లేకుండా వేరే మాటలు పుట్టాయి.

"మనం వద్దంటే చెన్నప్ప మారిపోతాడా ఏమి? ఆ నీళ్ళు స్టేషను అవతలి కాలనీవాళ్ళు పట్టుకుంటారు" అన్నారొకరు.

"దగ్గరగా ఉంటేనే గదా నాలుగు మంచి మాటలు చెప్పేది" అన్నారు ఇంకొకరు.

ఈశ్వరమ్మ నవ్వింది. "ఆ, చెప్తారు, చెప్తారు! బిందె నిండినాక చెప్తారు." కానీ ఆమె ఇంట్లోనూ నెలలు నిండిన కోడలుంది. ఆ మాట అనేసి లోపలికి పోయింది.

మళ్ళీ ముంతలు పెట్టారు. ప్రశ్న తయారు చేయడానికి సోమశేఖరానికి మధ్యాహ్నమంతా పట్టింది. "చెన్నప్పగారితో మన కాలనీ సఖ్యంగా ఉండవలెనా?" అని చదివాడు.

వెనక నుంచి అయ్యవారు, "అందులో మద్దిలేటి పేరు లేదే?" అన్నారు.

"పేర్లెందుకు అయ్యవారూ. ఇది కాలనీ అంతటి సంగతి."

"ఓహో" అన్నారు అయ్యవారు. లేచి వరసలో నిలబడ్డారు.

విప్పి చూస్తే పూయని ముంతలో ఒకే ఒక్క గింజ ఉంది. అడగకూడదు కనుక ఎవరూ అడగలేదు. అందరూ అయ్యవారి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. మోటారు బాగయిందట. చెన్నప్ప చేయి చేసుకోనని మాట ఇచ్చాడని, తాను అప్పుడప్పుడు తోటకు వచ్చి చూసి పోతానని సోమశేఖరం మద్దిలేటికి చెప్పాడు.

మద్దిలేటి తల ఊపాడు. "అందరినీ అడిగినారు గదా సామీ. నన్ను తప్ప" అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. నీళ్ళు అయిపోయేదాకా ట్యాంకరు పక్కనే నిలబడి, ఖాళీ అయ్యాక డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. బిందెలు పట్టినవాళ్ళందరూ పైపు వైపే చూస్తున్నారు, ఒక్క చుక్క కూడా కింద పడకుండా.

సోమశేఖరం మాట తప్పే మనిషి కాదు. తోటకు పోయాడు. చెన్నప్ప మజ్జిగ ఇప్పించి, "వానికేం సార్, బాగుండాడు. గట్టు మీదికి పోయినాడు" అన్నాడు. మళ్ళీ పోతే, "వాళ్ళ ఊరికి పోయినాడు" అన్నాడు. ఏ ఊరని అడిగితే చెన్నప్ప నవ్వి మజ్జిగ ఇంకో గ్లాసు పోయించాడు. ఆ తర్వాత సోమశేఖరం తోట గేటు దాకా పోయి, లోపలికి పోలేక తిరిగి వచ్చాడు. నేరుగా మఠానికి వచ్చి వసారాలో కూలబడ్డాడు. మేమందరం అక్కడే ఉన్నాం.

"నన్ను నాలుగు తిట్టండి అయ్యవారూ. ఆ ప్రశ్న రాసింది నేనే. నాకు మిగిలిన ధైర్యమల్లా ఒకటే. మీరొక్కరైనా వద్దన్నారు. మీ గింజ ఒక్కటైనా వాని పక్షాన పడింది."

అయ్యవారు అతని వైపు తిరిగారు. ఆయన ముఖం అంత ముసలిగా కనిపించడం నాకు అదే మొదలు.

"ఆ గింజ నాది కాదు నాయనా" అన్నారు. "ఆ పూట మఠంలోనూ కుండలు ఎండిపోయినాయి."

అమ్మా శ్యామలా, నేను చెప్పిందంతా రాసుకున్నావు గదా, మీ నాయన కొన్నేళ్ళు ఆ కాలనీలోనే కాపురం ఉన్నాడు. ఇందులోని పేర్లు ఒకసారి ఆయనకు చదివి వినిపించు. మిగతావి తప్పయితే తర్వాత దిద్దుకుందాం. ఆ తాడు తెంపుకుని వచ్చినతని పేరు మద్దిలేటి అవునో కాదో ముందు అడుగు.