సున్నా పాయింట్ తొమ్మిది

ఏసుపాదం మూడేళ్ళు ఫ్లాస్కుల ముందు నిలబడి ఒక కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టాడు. మందుల తయారీలో వారం పట్టే పని దానితో ఒక్క పూటలో తేలిపోతుంది. విదేశీ పత్రిక ఒకటి ఆ వ్యాసం వేసుకుంటామంది. ఒక్కటే షరతు. చివర ఉన్న పదకొండు విఫల ప్రయోగాల పట్టిక తీసెయ్యాలి. దానివల్ల వ్యాసం అందం పోతోందట!

ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పద్నాలుగు. అంటే అందులో గత రెండేళ్ళలో వచ్చిన ఒక్కో వ్యాసాన్ని ఏడాదిలో సగటున పద్నాలుగుసార్లు ఎవరో ఒకరు ప్రస్తావించారని లెక్క. యూనివర్సిటీలో లెక్చరర్ పోస్టుకి అడిగేది ఆ అంకే. వ్యాసం ఎవరూ చదవరు. పెళ్ళికొడుకుని చూడకుండా పల్లకిని చూసి పిల్లనిచ్చే బాపతు.

పట్టిక తీసేద్దామనే నిశ్చయించుకుని, ఏసుపాదం తన గైడు దమయంతి మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"మన రసాయన సంఘం పత్రికవాళ్ళు పట్టికతో సహా వేస్తామంటున్నారు మేడమ్. కానీ దాని అంకె సున్నా పాయింట్ తొమ్మిది. అది పట్టుకుని ఇంటర్వ్యూకి పోతే మొహం మీదే నవ్వుతారు. నాకు ముప్ఫై రెండొచ్చాయి. ఈ పోస్టు పోతే మళ్ళీ ఎప్పటికో!"

మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"ఇవాళ అజైడ్ చెయ్యాలన్నావుగా. పద."

అజైడ్ అనే రసాయనమంటే ల్యాబులో అందరికీ హడలే. ఏమాత్రం తేడా వచ్చినా పేలుతుంది.

ఆమె బల్ల మీద రెండు వ్యాసాలు పెట్టింది. రెండింటిలోనూ అదే అజైడ్ తయారీ. ఒకటి ఆ పద్నాలుగు అంకె పత్రికలోది. నునుపు కాగితం, నాలుగు వాక్యాలు, తొంభై ఆరు శాతం దిగుబడి. రెండోది సంఘం పత్రికలోది. ముతక కాగితం, రెండు పేజీలు. "పూర్తిగా ఆరనివ్వకండి. లోహపు చెంచా తాకించకండి. మూడోసారి మేం తాకించాం. ఫ్లాస్కు పేలి గాజుముక్కలు తలుపులో దిగాయి."

"ఏది చూసి చేస్తావు?"

ఏసుపాదం చెయ్యి అప్పటికే ముతక కాగితం మీద ఉంది.

"దాని అంకె చూశావా?" అంది మేడమ్.

"కళ్ళు దక్కాలి కదా మేడమ్!"

అనేశాడు గానీ, ఆ తర్వాత తలెత్తలేకపోయాడు. తన ఉత్ప్రేరకం కూడా గాలి తగిలి రెండుసార్లు మండింది. ఆ సంగతి రాసి ఉన్నది పట్టికలోనే.

అజైడ్ క్షేమంగా తయారైంది. చేతులు కడుక్కుని, ఏసుపాదం పెద్ద పత్రికకి జవాబు రాశాడు. "పట్టిక తీసెయ్యను. అది లేని వ్యాసం నాది కాదు. మీ పద్నాలుగు మీ దగ్గరే ఉంచుకోండి."

మేడమ్ చదివింది. "మరి పోస్టో?"

"పోతే పోనివ్వండి. నా కాగితం నమ్మి ఎవడూ చెయ్యి కాల్చుకోకూడదు. అంతే!"

కోపంగానే అన్నాడు. ఆ కోపం సగం తనమీదే. వెళ్ళబోయి గుమ్మంలో ఆగాడు.

"మేడమ్, పదకొండు కాదు. పన్నెండు. ఒకటి సిగ్గేసి మీకు కూడా చెప్పలేదు."

మేడమ్ తన పెన్ను అతని వైపు జరిపింది.

"రాయి."