చెయ్యి తిరిగేదాకా కోసిన తలుపు

తెలివి విషయంలో మా ఇంటికి వంక పెట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరండి. వీధిలోవాళ్ళే అంటారు, "గవరయ్య ఇంట్లోవాళ్ళు కోతలు కోయడం మొదలెడితే ఆగరురా బాబూ" అని. మా నాన్న గవరయ్య ఆ మాట విన్నప్పుడల్లా మీసం సర్దుకుంటాడు. మెచ్చుకోలు కాదేమోనని ఈమధ్యే నాకు అనుమానం వస్తోంది గానీ, అప్పుడు మాత్రం వడ్రంగం మాకు పుట్టుకతోనే వచ్చిందని గట్టిగా నమ్మాం. రంపం మొహం ఇంట్లో ఎవరూ చూసింది లేదు. చూడకుండానే ఇంత పేరొస్తే, చూస్తే ఇంకెంత!

మా స్నానాలగది గుమ్మం సరిగ్గా వీధికి ఎదురు. వానలకి దాని తలుపు ఉబ్బిపోయి, కింద నేలకి పట్టేసి, మూతపడడం మానేసింది. నాయనమ్మ పాపం ఒక చేత్తో తలుపు లాగిపట్టుకుని, ఇంకో చేత్తో చెంబుతో పోసుకునేది. నాలుగు రోజులు ఓర్చుకుంది. శుక్రవారం పొద్దున్న ఆవిడకి ఒళ్ళు మండింది. "ఒరే గవరయ్యా, ఇవాళ తలంటుకుని గుడికెళ్ళాలి. తల రుద్దుకోడానికి మూడో చెయ్యి ఎక్కడ్నుంచి తెచ్చీది? తలుపు మూతపడీదాకా నీళ్ళు ముట్టను. ముసిల్దాన్నయితే మాత్రం నాకు సిగ్గుండదేట్రా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వడ్రంగి సోమాచారికి ఫోన్ చేశాం. "వారందాకా ఖాళీ లేదండి. అయినా ఏముంది, కింద అరంగుళం కోసేస్తే సరిపోతుంది" అన్నాడు. నాన్నకి పౌరుషం పొడుచుకొచ్చింది. "కోతలకి పేరున్న ఇల్లు మనది. కోతకి ఇంకొకణ్ణి పిలవడమా, నామోషీ!" ఇంకేముంది, గంటలో రంపం ఇంట్లో ఉంది. అమ్మ పుట్టింటికెళ్ళింది, ఉంటే ఇంకో బుర్ర తోడయ్యేది. నేను డిగ్రీ చదివినదాన్ని కాబట్టి, రంపం పట్టడం నేర్పే వీడియో వెతికే పని నాకప్పగించారు.

వీడియోలో మేస్త్రి నవ్వుతూ, "కొత్తగా వచ్చినవాళ్ళు పక్కనున్న గంట కొట్టండి" అన్నాడు.

"కొత్తగా వచ్చిందెవరు?" అన్నాడు నాన్న.

అప్పుడే మా చిన్నాన్న అప్పలకొండ పాలప్యాకెట్లతో లోపలికొచ్చాడు. అంతే, దేవుడి గంట తెచ్చి ఆయన చేతిలో పెట్టాం. గణగణా వాయించాడు. హారతనుకుని నాయనమ్మ చేతులు జోడించుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "స్నానం లేకుండా నాచేత దణ్ణం పెట్టించారు కదర్రా!" అని తిట్టిపోసింది.

"రంపం పళ్ళు శుభ్రంగా ఉండాలి" అన్నాడు మేస్త్రి. నాన్న తన బ్రష్షే తెచ్చి, పేస్టేసి, నురగొచ్చేలా తోమాడు. చిన్నాన్న వంగి చూసి, "మరి పైపళ్ళేవీ?" అన్నాడు.

"వయసైపోయిన రంపమేమో చిన్నాన్నా, రాలిపోయుంటాయి" అన్నాను. డిగ్రీ అని చెప్పాను కదా.

తలుపు ఊడదీశాం. ఆచారి కింద కొయ్యమన్నాడు, సరే, తీసి కింద పెట్టాం. కింద పెట్టాక ఎటు కోస్తేనేం? దగ్గరగా ఉందని గొళ్ళెం వైపు పై కొసనే గీత గీశాను. "గీతకి అవతలి పక్క కొయ్యాలి" అన్నాడు మేస్త్రి. నాన్న అవతలికెళ్ళాడు. వెళ్ళేసరికి అది ఇవతలైపోయింది. మళ్ళీ ఇటొచ్చాడు. ఇదీ ఇవతలే! అలా తలుపు చుట్టూ తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి కూలబడ్డాడు. కూలబడ్డ చోటే అవతల అని తీర్మానించాం. "కన్ను గీత మీదే ఉండాలి" అంటే అది నా వంతు. చెంప తలుపుకానించి, కన్ను గీతమీద పెట్టాను. రంపపు పొట్టంతా కంట్లోకే.

కోసి బిగించాం. పైన జానెడు సందు. కింద ఎప్పట్లాగే పట్టేసింది.

"మొదట్లో కుదరదు, కంగారుపడకండి" అన్నాడు మేస్త్రి. "చెయ్యి తిరిగేదాకా కోస్తూనే ఉండండి."

ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! మళ్ళీ ఊడదీశాం. నాన్న ఒక ముక్క కోశాడు.

"తిరిగిందా అన్నయ్యా?"

"లేదురా, తిన్నగానే ఉంది."

ఇంకో ముక్క. తిరగలేదు. రంపం చిన్నాన్న తీసుకున్నాడు. ఇంకో రెండు ముక్కలు. మధ్యాహ్నానికి చిన్నాన్న "అమ్మో, నా మణికట్టు!" అని కేకపెట్టాడు. చూస్తే చెయ్యి నిజంగానే మెలితిరిగింది.

"తిరిగింది! తిరిగింది!" అని నేనూ నాన్నా గంతులేశాం. గంతులయ్యాక తలుపు కోసం చూస్తే, రొట్టెలు ఒత్తుకునే పీటంత మిగిలింది.

"ఓలమ్మో, నా తలుపేదర్రా?" అంది నాయనమ్మ. చూపించాం. దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. "ముగ్గురూ వెళ్ళి ఆ గుమ్మానికి అడ్డంగా, వీధివైపు తిరిగి నిలబడండి. కళ్ళు మూసుకోండి. నేను చెప్పీదాకా తెరిచారో, చంపీగల్ను!"

భుజం భుజం ఆనించి నిలబడ్డాం. గాలి కూడా దూరలేదు. వెనకాల నాయనమ్మ రెండు చేతులతో హాయిగా తలంటుకుంటూ కూనిరాగం తీస్తోంది. ఎన్నాళ్ళకి! నాకైతే ఏడుపొచ్చినంత సంతోషమేసింది. కాసేపటికి కుంకుడుకాయ వాసన మమ్మల్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత వీధిలో ఆటో ఆగింది. "గుడికి పోనీ బాబూ, అట్నుంచటే సబ్బవరం, మా కూతురింటికి. ఈళ్ళతో నావల్ల కాదు" అన్న మాట వినిపించింది. కళ్ళు తెరవమన్న మాట మాత్రం వినిపించలేదు.

అది శుక్రవారం. ఇవాళ ఏ వారమో, చూస్తే కదా తెలిసేది! మీరెవరో గానీ ఆగి ఇంతసేపు విన్నారు, గొంతు బట్టి మంచివారిలా ఉన్నారు. సబ్బవరం వెళ్తే మా నాయనమ్మని ఆ ఒక్క మాటా చెప్పెయ్యమనండి. ఫోనుంది కదా అంటారా? ఉందండీ, నా చేతిలోనే ఉంది. నంబరు నొక్కాలంటే కళ్ళు తెరవాలి కదా!