ఏడు రోజులు ఎక్కువ కూర్చున్న పెట్ట

చందనగిరి అనే ఒకానొక రాజ్యంలో కీర్తిధ్వజుడని ఒక రాజు ఉండేవాడు నాయనలారా. మనసు మంచిదే. కాని పొద్దు పొడవడానికి కూడా తన సెలవు కావాలనుకునే రకం.

ఆయన కొలువులో విశ్వపతి శాస్త్రిగారని ఒక పండితుడు. కడుపున పుట్టేవి, గుడ్డులో పుట్టేవి, చెమటలో పుట్టేవి, నేల చీల్చుకు మొలిచేవి అని జీవులు నాలుగు విధాలని పెద్దలు చెప్పారు గదా. శాస్త్రిగారు అక్కడితో ఆగలేదు. గుడ్డులో పుట్టేవాటిని కాళ్ళు చూసి మళ్ళీ విడదీశాడు. వేళ్ళ మధ్య తోలుంటే నీటిపక్షి, నేల గీరే గోళ్ళుంటే నేలపక్షి. రాజుగారు ముచ్చటపడి, తన పక్షిశాలలో ఏ వర్గానికి ఆ వర్గానికి వేరే దొడ్డి కట్టించాడు.

ఆ పక్షిశాలను చూసుకునే ముసలమ్మ పేరు పైడమ్మ. బాతు గుడ్లు పెడుతుందే గాని కుదురుగా పొదగదని, ఏడు బాతుగుడ్లు తెచ్చి ఒక నల్లపెట్ట కింద పెట్టింది. కోడిగుడ్డుకు ఇరవై ఒక్క రోజులు, బాతుగుడ్డుకు ఇరవై ఎనిమిది. ఆ వెర్రితల్లి తక్కిన ఏడు రోజులూ మేత మరిచిపోయి కూర్చుంది. ఏడు పిల్లలూ బయటపడ్డాయి.

సరిగ్గా అప్పుడే భటులొచ్చి పిల్లల్ని నీటిపక్షుల్లోనూ, పెట్టను నేలపక్షుల్లోనూ వేశారు. రెండు రోజులు పిల్లలు నూకలు ముట్టలేదు. కంచె వెంట తిరిగి తిరిగి పెట్ట గొంతు బొంగురుపోయింది. ఇంకొక్క రోజు ఇలాగే గడిస్తే పిల్లలు దక్కవని పైడమ్మకు తెలుసు. కంచె తీస్తే రాజాజ్ఞ మీరినట్టు. ఏం చేస్తుంది పాపం, గోపాలస్వామికి దణ్ణం పెట్టుకుంది.

మూడోనాడు రాజుగారే దొడ్లు చూడడానికి వచ్చాడు. వెల్లగొడుగు, వింజామరలు, పక్కన శాస్త్రిగారు. పైడమ్మ చేతులు కట్టుకుని, ఈ ఏడింటి వర్గం మీద తనకో సందేహమని, గుడ్లు పెట్టిన బాతునూ పొదిగిన పెట్టనూ చెరోవైపు నిలిపి పిల్లల్ని మధ్యన వదిలితే అవే చెబుతాయని విన్నవించుకుంది. నెత్తురు ఎక్కడికి పోతుందంటూ శాస్త్రిగారు నవ్వి సరేనన్నాడు.

పిల్లల్ని వదిలారు. అవి బెదిరి ముద్దగా నిలబడ్డాయి.

"ఎండ మీ మొహాన పడుతోంది ప్రభూ. గొడుగు కాస్త ముందుకు పట్టించుకోండి," అంది పైడమ్మ.

గొడుగు ముందుకు జరిగింది. దాని నీడ గద్దనీడలాగా నేల మీద పాకింది. బాతు తన దారిన చెరువు కేసి పోయింది. పెట్ట మాత్రం ఒక్క అరుపు అరిచి, రెక్కలు విప్పుకుని నీడ కిందికే ఉరికింది. ఏడు పిల్లలూ రెక్కల్లో దూరాయి. అంతటితో ఆగిందా, దగ్గరికొచ్చిన రాజుగారి కాలు పొడిచింది కూడాను.

శాస్త్రిగారు గొంతు సవరించుకుని, గుడ్డు పెట్టిందే తల్లి అనీ, తక్కినదంతా వట్టి అలవాటనీ తేల్చేశాడు.

పైడమ్మ రాజుగారి వైపు తిరిగింది. "పొద్దున్నే భట్రాజులు తమరిని ప్రజలందరికీ తండ్రి అని పొగుడుతారు గదా ప్రభూ. శాస్త్రిగారి లెక్కన ఆ మాట ఇవాళ్టి నుంచి మానిపించాలి. తమరు కన్నవాళ్ళం కాకపోయినా మీ గొడుగు కింద ఉన్నాం గనక మేం మీ పిల్లలం. అవి దాని రెక్క కింద ఉన్నాయి. వాటిని విడదీయాలంటే, మమ్మల్ని ఏ దొడ్లో వెయ్యాలో కూడా సెలవియ్యండి."

రాజుగారు పొడిపించుకున్న కాలు చూసుకున్నాడు. శాస్త్రిగారి మొహం చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, చేతి కడియం తీసి పైడమ్మ కిచ్చాడు. నన్ను పొడిచే ధైర్యం నా సేనాపతికీ లేదు, ఈ పెట్టకు రోజూ సోలెడు నూకలు పొయ్యమన్నాడు. శాస్త్రిగారు తానే వంగి కంచె కర్ర ఊడదీశాడు.

పిల్లలు ఇంకా బయటికి రాలేదు. రాజుగారు పైకి చూశాడు. గొడుగు ముడవమని సైగ చేసి, అవి ఒక్కొక్కటే తల బయట పెట్టేదాకా మిట్టమధ్యాహ్నపుటెండలో కదలకుండా నిలబడ్డాడు.