చాలు అనే అవ్వ

మెట్ట చేల మధ్య రాతి కట్టు బావిలో ఒక తాబేలవ్వ ఉండేది. పైన మోట లాగేది బసవన్న అనే ముసలి ఎద్దు. రోజూ నీళ్ళు బావి గోడలోని నల్లరాయి దాకా దిగగానే లోపల్నుంచి అవ్వ కేకేసేది.

"చాలు నాయనా! ఇక ఊట రానీ."

బసవన్న ఆగిపోయేవాడు. పొద్దుగూకే దాకా ఇద్దరూ కబుర్లాడుకునేవాళ్ళు. అతనికి వేరే చుట్టమంటూ లేదు.

ఇలా ఉండగా సింహరాజుగారు పంపుసెట్లకి కరెంటు ఉచితమని చాటింపు వేయించారు. పక్క చేను నక్కది. అది వెంటనే బోరు వేసి, వేరుశనగ పండే చేలో వరి నాటి, మోటారుకి ఆటో స్టార్టర్ బిగించింది. కరెంటు వస్తే చాలు, ఎవరూ మీట నొక్కకుండానే మోటారు తిరుగుతుంది. మడి నిండి నీళ్ళు బాట మీద పారుతున్నా నక్క మంచం దిగేది కాదు.

"బసవన్న మామా, ఇంకా ఆ మోటేంటి? రాజుగారు నీకు రెస్టు ఇచ్చేశారు!"

"కాసేపు మోటారు ఆపు అల్లుడూ. బావి అడుగంటుతోంది."

"ఎందుకాపాలి? బిల్లు కట్టేదా పెట్టేదా! నేనాపితే ఆ పక్క కుందేలు తోడేసుకుంటుంది."

"కుందేలూ నీ గురించి ఇదే మాటంది."

"చూశావా మరి!" అంది నక్క, అదేదో తాను గెలిచినట్టు.

అవ్వ గొంతు రోజురోజుకీ లోతుకి పోయింది. చాలు, చాలు అంటూనే ఉంది. మోటారుకి చెవులెక్కడివి? చివరికి ఒకనాడు, "బురదలో ఉన్నాను నాయనా, పైకి లాగు" అంది. బసవన్న తోలు బొక్కెన దించాడు. అవ్వ అందులోకి పాకింది. ఆ మోట ఆఖరిసారి తోడింది ఆమెనే.

"ఎక్కడికి పోతావవ్వా?"

"నీళ్ళున్న చోటికి. నువ్వూ రాకూడదా?"

"మోకాళ్ళు రానివ్వవు అవ్వా."

ఆమె కాసేపు అతని గిట్ట పక్కనే కూర్చుని, తర్వాత వెళ్ళిపోయింది. బసవన్నకి ఏడుపొచ్చింది.

వరి పొట్టకొచ్చే వేళకి బోరులో నీళ్ళకి బదులు గాలి రావడం మొదలైంది. నక్క నిద్రలో ఉంది. ఆటో స్టార్టర్ తన పని తాను చేసుకుపోయింది. ఉత్తినే తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది. నక్క పరుగెత్తుకొచ్చింది.

"మామా! ఊట ఎటుందో అవ్వకి తెలుసుగా. ఒక్కసారి పిలువు. అక్కడ ఇంకో బోరు వేయించమని రాజుగారిని అడుగుతాను."

"నువ్వే పిలుచుకో" అన్నాడు బసవన్న.

నక్క బావిలోకి వంగి అరిచింది. దాని అరుపే దానికి తిరిగొచ్చింది. ఎండిన పైరు వైపు తోక వేలాడేసుకుని పోయింది.

బసవన్న మాత్రం ఇప్పటికీ పొద్దుగూకితే ఆ గట్టు మీదే నిలబడతాడు, కింద నుంచి ఎవరైనా చాలంటారేమోనని.

ఊరికే వచ్చినదానికైనా చాలు అనుకోకపోతే ఊటా మిగలదు, తోడూ మిగలదు.